తెలుగు రాని మనిషి

పార్వతి చివరి రెండువందల మీటర్లలో ఆగిపోయింది.

పడిపోలేదు, కాలు పట్టెయ్యలేదు, ఊపిరందక కూలబడలేదు. అయిదువేల మీటర్ల పందెంలో పదిహేను గజాలు ముందున్న పిల్ల, అవతలి మలుపు దగ్గర ఉన్నట్టుండి నిలబడి వెనక్కి తిరిగి చూసింది. ఆ మూడు నాలుగు సెకన్లలో తోంగ్‌పాల్ పిల్ల రాధ ఆమెని దాటేసింది. పార్వతి మళ్ళీ కాళ్ళు కూడదీసుకుని అందుకోబోయేసరికి సున్నం గీత వచ్చేసింది, పందెం అయిపోయింది.

గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి ఉంది కల్యాణి. దంతెవాడ కాలేజీలో పదిహేనేళ్ళుగా అథ్లెటిక్స్ హెడ్ కోచ్ ఆమె. పార్వతికి ఒక్కో చుట్టుకి ఎన్ని సెకన్లు పట్టిందీ ఎడమ మణికట్టు మీద పెన్నుతో రాసుకుంటూ వచ్చింది. తొంభై మూడు, తొంభై రెండు, తొంభై మూడు. రెండేళ్ళపాటు తెల్లవారకముందే లేపి, ఎర్రమట్టి గ్రౌండులో తిప్పితే వచ్చిన అంకెలవి. ఈ కాలేజీల పోటీల్లో మొదట వచ్చినవాళ్ళే యూనివర్సిటీ జట్టులోకి వెళ్తారు. రెండోవాళ్ళకి గోడకి అంటించుకోవడానికి ఒక కాగితం ఇస్తారు.

"ఎందుకు ఆగావే?" అంది కల్యాణి.

పార్వతి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. "ఆగమన్నరు మేడమ్."

"ఎవరు?"

"ఆ టోపీ సారు. 'ఏయ్ పిల్లా, ఆగే' అన్నడు. అచ్చం మా అవ్వ పిలిచినట్టే అన్నడు. చుట్లు అయిపోయినయేమో, మీరే చెప్పి పంపినరేమో అనుకున్న."

పార్వతిది తర్లగూడ, తెలంగాణ రోడ్డు మీది ఊరు. ఇంట్లో దోర్లి, సంతలో తెలుగు, బడిలో హిందీ. వెనకనుంచి ఎవరైనా 'ఆగే' అని అదిలిస్తే కాలు నిలబడిపోవడం నడక వచ్చినప్పటినుంచీ ఉన్న అలవాటు. ఆ సంగతి తెలిసినవాడే ఆ మాట వాడాడు. టోపీ సారంటే కమలేష్, జగదల్‌పూర్ వైపు ఒక కాలేజీకి కోచ్. గెలిచిన రాధ అతని దగ్గరే నేర్చుకుంది.

ఫిర్యాదుకి అరగంట గడువు. కల్యాణి పార్వతిని చెయ్యి పట్టుకుని, చెమట కూడా ఆరనివ్వకుండా జ్యూరీ టెంటులోకి లాక్కుపోయింది. లోపల బల్ల వెనక ముగ్గురు పెద్దలు. మధ్యలో చీఫ్ రెఫరీ, రాయ్‌పూర్ నుంచి వచ్చిన పెద్దాయన, హిందీ తప్ప ఇంకో ముక్క తెలియదు. కమలేష్‌ని పిలిపించారు. అతను తొణక్కుండా వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, వినయంగా నిలబడ్డాడు.

"ఆగే, ఆగే బఢో అన్నాను సర్," అన్నాడు హిందీలో. "ముందుకి పొమ్మని. ఎవరి పిల్లయితేనేం, పరిగెత్తుతుంటే హుషారు చెప్పకూడదా?"

"అబద్ధం సర్," అంది కల్యాణి. "ఇతను తెలుగులో ఆగమన్నాడు. కిరందుల్ గనుల కాలనీలో మా వరస క్వార్టర్లలోనే పెరిగాడు. నాకంటే బాగా మాట్లాడతాడు."

"నాకు తెలుగు రాదు సర్. చిన్నప్పుడు విన్న నమస్కారం, బాగున్నారా, అంతే." ఆ మాటే కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు.

రెఫరీ పార్వతి వైపు తిరిగి, ఏ మాట విన్నావో ఆ మాటే చెప్పమన్నాడు. పార్వతి కల్యాణి మొహంలోకి చూసి, మెల్లగా చెప్పింది. "ఏయ్ పిల్లా, ఆగే."

"పిల్లా?" రెఫరీ కళ్ళజోడు నుదుటి మీదకి తోశాడు. హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల. "నిన్ను కుక్కపిల్లా అన్నాడా అమ్మాయీ?"

టెంటంతా నవ్వింది. స్కోరు రాసేవాళ్ళు నవ్వారు, కాగితాలు కుట్టే గుమాస్తా నవ్వాడు. కమలేష్ కూడా నేలకేసి చూస్తూ నవ్వాడు. పార్వతి తల దించుకుని, బొటనవేలితో మట్టిని గీస్తూ ఉండిపోయింది. తక్కినవాళ్ళు తెలియక నవ్వారు, వాళ్ళ మీద కోపం లేదు. తెలిసి నవ్విన ఒక్కడి నవ్వే కల్యాణి కడుపులో నిప్పు పోసింది.

తీర్పు రెండు ముక్కల్లో తేలిపోయింది. సాక్ష్యం లేదు. తెలుగు తెలిసిన సాక్షులంతా కల్యాణి కాలేజీవాళ్ళే, వాళ్ళ మాట చెల్లదు. ఎల్లుండి పోటీలు ముగిసేలోగా కొత్త రుజువేదైనా తెస్తే మళ్ళీ చూస్తారు.

బయటికి వస్తూ కమలేష్ పక్కనించే వెళ్ళాడు. కల్యాణి వినపడేలా అంది. "తెలుగు రాదన్నావుగా. మూడురోజులూ రాకుండానే ఉండు, చూస్తాను."

అతను అర్థం కానట్టు నవ్వి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండోరోజు పొద్దున్న కోచ్‌లందరికీ కాలేజీ వరండాలో పోహా, జిలేబీ. ఆతిథ్యం కల్యాణి కాలేజీది. వడ్డించడానికి మనుషులున్నా, కమలేష్ పళ్ళెం దగ్గరికి తానే గరిటె పట్టుకుని వెళ్ళింది. అటూ ఇటూ రెఫరీలు కూర్చుని ఉన్నారు.

"తినండి కమలేష్ సార్," అంది తెలుగులో, పెళ్ళివారిని బతిమాలే గొంతుతో. "ఆడపిల్ల నోటికాడ కూడు లాక్కున్న చెయ్యి, జిలేబీ దగ్గర మొహమాటపడితే ఎలా?"

"క్యా కహా మేడమ్?"

"ఇంకొకటి వేసుకోమంటున్నా," అంది హిందీలో.

అతను ఇంకొకటి వేసుకున్నాడు. మొహం ప్రశాంతంగానే ఉంది కానీ, చెవులు రెండూ కందిపోయాయి. అతని నోటికి తెలుగు రాకపోయినా చెవులకి వచ్చునని కల్యాణికి తెలిసిపోయింది. ఆ ఎరుపు చూడటం కోసం ఆమె ఆరోజు తన పనులన్నీ సగం సగం చేసింది. లాంగ్ జంప్ గుంటలో ఇసుక తడిపించి, టేపు లాగే పని విద్యార్థులకి అప్పగించి, అతను ఎక్కడుంటే అక్కడికి ఏదో ఒక పని కల్పించుకుని వెళ్ళింది. షాట్‌పుట్ గుండ్లు తూచే బల్ల దగ్గర "బరువు తక్కువుంటే పక్కన పడేస్తాం సార్, గుండుకైనా మనిషికైనా అదే పద్ధతి" అంది. మంచినీళ్ళ దగ్గర "తాగండి, పచ్చి అబద్ధాలు ఆడితే గొంతు ఎండుతుంది" అంది. ప్రతిసారీ నవ్వుతూ అంది. ప్రతిసారీ అతను నవ్వుతూ తల ఊపాడు.

మధ్యాహ్నానికి సంగతి వంటవాళ్ళ దాకా పాకింది. వంట చేసే నాగేశ్వరమ్మది భద్రాచలం. ఆవిడ అతని పళ్ళెం ముందు గరిటె ఎత్తి, "పప్పు పొయ్యాల్నా సారూ, బురద పొయ్యాల్నా?" అని అడిగింది.

"థోడా ఔర్," అన్నాడు కమలేష్. ఇంకొంచెం అని.

వరసలో నిలబడ్డ తెలుగు పిల్లలు పళ్ళేలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కల్యాణికి ఒళ్ళంతా చల్లబడినట్టయింది. మనిషికి కోపం తీరడంలో ఇంత రుచి ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఒకసారి అతన్ని పట్టేసినంత పనైంది. రిలే జట్ల పేర్లు ఇవ్వడానికి అతను వంగి రాస్తుంటే, వెనకనుంచి ఏ భావమూ లేని గొంతుతో "బండి తాళం కింద పడింది" అంది. అతను చటుక్కున వంగాడు. వంగినవాడు సగంలో తెలివి తెచ్చుకుని, బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. లేచేటప్పుడు ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో ఒక్క క్షణం, క్వార్టర్ల మధ్య సందులో గోళీలాటలో దొరికిపోయిన కుర్రాడు కనిపించి మాయమయ్యాడు.

సాయంత్రం మైకు ఆమె చేతికిచ్చారు, వచ్చిన కోచ్‌లకి కృతజ్ఞతలు చెప్పమని. ఒక్కొక్కరినీ హిందీలో పొగిడి, కమలేష్ దగ్గర ఆగింది. "ఈయన గురించి నా మాతృభాషలో చెప్పుకోవాలి," అని తెలుగులోకి దిగింది. "పద్దెనిమిదేళ్ళ పిల్లని కాళ్ళతో గెలిపించడం చేతకాక, నోటితో గెలిచిన వీరుడు. ఈ నోరు ఇంతలేసి గడ్డి తింటుందని కిరందుల్ నీళ్ళు తాగినవాళ్ళం మేమెవరమూ అనుకోలేదు. లేవండి సార్, దణ్ణం పెట్టండి."

ఆమె అరచేతులతో సైగ చేసింది. కమలేష్ లేచి, చేతులు జోడించి అన్ని వైపులా తిరిగాడు. రెఫరీతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. తెలుగువాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

టెంట్ల తాళ్ళు బిగించి వస్తుంటే పార్వతి ఎదురొచ్చింది. హాస్టల్ పిల్లలతో కలిసి ఆమె కూడా నవ్వుతుందనుకుంది కల్యాణి. పార్వతి నవ్వలేదు.

"ఒక మాట అడుగుత మేడమ్. ఇట్ల తిడితే నా పందెం మళ్ళ పెడతరా?"

కల్యాణి చేతులకంటిన మట్టి దులుపుకుంది.

"ఆయనకు సిగ్గయితంది, నిజమే. మీకు మంచిగనే ఉంది. నాకేందీ?"

ఆ 'నాకేందీ' చెంప మీద కొట్టినట్టే తగిలింది. రోజంతా తన కడుపుమంట చల్లార్చుకోవడంలో, పిల్ల సంగతి మరిచిపోయింది తాను. "పెట్టిస్తాను," అంది. "రేపు మళ్ళీ పరిగెడతావు. పోయి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకో."

అక్కడే గ్రౌండులో నిలబడి కిరందుల్ ఫోను చేసింది. చిన్నారావు ఎత్తాడు. గనిలో డంపర్ నడుపుతాడు, అప్పలకొండమ్మ కొడుకు. కమలేష్ తల్లి కంపెనీ ఆస్పత్రిలో నర్సు, డ్యూటీలకి పోతుంటే కమలేష్‌ని పదేళ్ళపాటు తన పిల్లలతో కలిపి కూర్చోబెట్టి అన్నం తినిపించింది అప్పలకొండమ్మే. కల్యాణికి జడలు వేసింది కూడా ఆవిడే. కమలేష్ తెలుగంతా ఆ వంటింటి తెలుగు.

అతని మీద సాక్ష్యం చెప్పమంటే ఆవిడ వస్తుందా? చచ్చినా రాదు, అనుకుంది కల్యాణి. ముద్దలు పెట్టి పెంచిన చెయ్యి. అందుకని, "రేపు ఆఖరి రోజు చిన్నారావూ, అమ్మని ఓసారి జీపెక్కించు. ఆటలు చూపిస్తాను. కమలేష్ కూడా ఇక్కడే ఉన్నాడు, అడుగుతున్నాడు," అంది. చివరి మాట అబద్ధమని తెలుసు. దానికి పెద్దగా బాధపడలేదు.

మూడోరోజు పదకొండు గంటలకి అప్పలకొండమ్మ జీపు దిగింది. డెబ్భై దాటిన మనిషి, ఉతికిన నేతచీర, చేతిసంచిలో రెండు డబ్బాలు. దిగుతూనే, "కల్యాణమ్మా, ఒకటి నీకు, ఒకటి ఆడికి. బెల్లం గవ్వలు. ఆడేడీ?" అంది.

"పనిలో ఉన్నాడత్తా. నేను తీసుకెళ్తాను, కాస్త కూర్చో."

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, టెంటు మీద కన్నేసి ఉంచింది. జ్యూరీ ముగ్గురూ లోపలికి వెళ్ళేదాకా ఆగింది. ఫలితాల కాగితాల మీద సంతకాలకి కోచ్‌లని పిలిచేదాకా ఆగింది. కమలేష్ లోపలికి వెళ్ళాక, ఇంకో నిమిషం స్టాప్‌వాచ్ చూసి మరీ ఆగింది. అప్పుడు, "పద అత్తా" అని చెయ్యి పట్టుకుని లేవదీసింది.

కమలేష్ బల్ల మీదకి వంగి సంతకం పెడుతున్నాడు. ఎండలోంచి నీడలోకి వచ్చిన అప్పలకొండమ్మ కళ్ళు చిట్లించి, మనిషిని ఆనవాలు పట్టి, నవ్వుమొహంతో ముందుకెళ్ళింది.

"ఏట్రా కమలేసూ, ఇలాగ చిక్కిపోనావు? తిండి తింతన్నావా లేదేటి?"

పెన్ను ఆగింది. రెఫరీ కాగితాల్లోంచి తలెత్తాడు. కమలేష్ ముందు ముసలమ్మని చూశాడు, ఆమె భుజం మీంచి కల్యాణిని చూశాడు. సంగతంతా ఆ చూపులోనే అర్థమైపోయింది అతనికి. కల్యాణి చేతులు కట్టుకుని నిలబడింది. ఇప్పుడు చెప్పు, తెలుగు రాదని చెప్పు, అనుకుంది. చెప్పినా మంచిదే. వీడు ఎలాంటివాడో ఆవిడ కళ్ళతో ఆవిడే చూస్తుంది. ఎటు తిరిగినా తనే గెలుస్తుంది.

 ముసలమ్మ డబ్బా మూత తీసి పట్టుకుని ఉంది. నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"మాటాడవేటి? నన్ను పోల్చలేదేట్రా నాన్నా?"

పోల్చడమంటే ఆవిడ పుట్టిన వైపు మాటల్లో గుర్తుపట్టడం.  కమలేష్ పెన్ను బల్ల మీద పెట్టి, మూత కూడా పెట్టాడు.

"పోల్చకేటమ్మా," అన్నాడు. "నిన్ను పోల్చకపోతే ఇంకెవుల్ని పోలుస్తాను?"

అచ్చం ఆవిడ యాసే, ఆవిడ సాగదీసే చోటే సాగదీశాడు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అయిపోయింది.  ఇంత తేలికగా అయిపోతుందని కల్యాణి అనుకోలేదు. నీళ్ళు నములుతాడు, బొంకుతాడు, చెమటలు కక్కుతాడు, అప్పుడు చూడాలి అనుకుంది. అతను అవేమీ చెయ్యలేదు.

"అంటే మీకు తెలుగు వచ్చు," అన్నాడు రెఫరీ హిందీలో.

"వచ్చు సర్. ఈవిడ దగ్గరే నేర్చుకున్నాను." కాస్త ఆగి, తనే అన్నాడు. "ఆ అమ్మాయిని ఆగమన్నది కూడా నేనే. రాసిచ్చింది అబద్ధం."

జ్యూరీకి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పందెం రద్దు. నాలుగు గంటలకి మళ్ళీ పరుగు. కమలేష్ గ్రౌండులో అడుగుపెట్టకూడదు, యూనివర్సిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు వెళ్తుంది. యూనివర్సిటీ జట్టుకి హెడ్ కోచ్‌గా ఇద్దరిని అనుకుంటున్నారు, అందులో ఇక అతని పేరు ఉండదు. మిగిలిన పేరు కల్యాణిదే. రెఫరీ లేచి, మొన్న నవ్వినందుకు ఏమీ అనుకోవద్దని పార్వతికి చెప్పమన్నాడు.

అప్పలకొండమ్మకి నలభై ఏళ్ళ కిరందుల్ హిందీ సరిపోయింది. అంతా విని, డబ్బా మూత పెట్టేసింది. "ఆ ఆడగుంటని ఆగమన్నావేట్రా నువ్వు? పరిగెత్తుతున్న గుంటని?"

"అన్నానమ్మా."

ఆవిడ సంచి సర్దుకుని, కల్యాణి పక్కనుంచే, ఆమె వైపు చూడకుండా బయటికి నడిచింది. గ్రౌండు బయటి రాతిమెట్లలో పైదాని మీద కూర్చుంది. కాసేపటికి కమలేష్ వెళ్ళి ఆవిడకి రెండు మెట్లు దిగువన కూర్చున్నాడు.

నాలుగు గంటలకి తుపాకీ పేలింది. మొన్న పరిగెత్తిన కాళ్ళతోనే ఇద్దరమ్మాయిలూ పరిగెత్తారు. ఎనిమిదో చుట్టు దాకా రాధ పార్వతి భుజానికి అంటుకుని వచ్చింది, ఏ పాపమూ తెలియని పిల్ల, కోచ్ లేకుండా తన సెకన్లు తనే లెక్కపెట్టుకుంటూ. తొమ్మిదో చుట్టులో పార్వతి అడుగు సాగదీసింది. కల్యాణి మణికట్టు మీద తొంభై ఒకటి రాసుకుంది, తర్వాత తొంభై. ఆఖరి మలుపులో పార్వతి ఎటూ చూడలేదు. ముప్ఫై గజాల తేడాతో గీత దాటి, నాలుగడుగులు వేసి, నేల మీద పడుకుని గట్టిగా నవ్వింది. మూడురోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

పిల్లలు కల్యాణిని చుట్టుముట్టారు. ఎవరో రంగు పూశారు, ఎవరో దండ వేశారు. ఆ దండతోనే ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళింది. కమలేష్ జీపు మాట్లాడటానికి వెళ్ళినట్టున్నాడు, ముసలమ్మ ఒక్కతే ఉంది.

"చూశావా అత్తా, మా పిల్ల గెలిచింది."

"చూసాను. బాగా పరిగెత్తింది. న్యాయం జరిగింది."

"నీకు ముందే చెబుదామనుకున్నాను. వాడి మీద మాట చెప్పమంటే నువ్వు రావనీ..."

"ఎందుకు రాను?" అంది అప్పలకొండమ్మ. గొంతులో కోపం లేదు. "ఆడు తప్పు చేసాడని నువ్వొచ్చి నాకు చెప్తే, ఆ జీపే ఎక్కి వద్దును. పెద్దాయన ముందర నిలబడి, ఈ గుంటడికి మాటలు నేర్పింది నేనేనండి అని నేనే చెప్పీదాన్ని. ఆడి చెవి కూడా మెలిపెట్టీదాన్ని. అడిగుంటే సరిపోయీది. ఆడు నన్ను అడుగుతున్నాడని ఆశపెట్టి తెచ్చావు."

కల్యాణి దండ తీసి చేతిలో పట్టుకుంది. దూరంగా జీపు హారన్ మోగింది. కమలేష్ తలుపు తెరిచి నిలబడ్డాడు.

"పొద్దుపోయింది అత్తా. నేను దింపుతాను కిరందుల్. నా బండి ఉంది."

అప్పలకొండమ్మ మెట్టు మీద చెయ్యి ఆనించి తనంతట తనే లేచింది. సంచిలోంచి ఒక డబ్బా తీసి కల్యాణి చేతిలో పెట్టింది. ఆమె కోసం తెచ్చింది, ఇవ్వాల్సింది ఇచ్చింది. జడలు వేసిన రోజునుంచీ ఏమే, ఒసే, కల్యాణమ్మా అని తప్ప పిలిచి ఎరగని మనిషి, కొంగు భుజం మీదకి సర్దుకుని మర్యాదగా అంది.

"వద్దులెండి మేడంగారూ. మీరు పనిలో ఉన్నారు."